నిండుకున్న ట్యాంకు

మా ఇంట్లో ఒక విషయం జరిగిందంటే అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. రాసి లేకపోతే జరగనట్టే. మావారి ఉద్యోగం నుంచి ఇంటికి నడిచొచ్చిన అలవాటు ఇది. ఆయన ఫ్యాక్టరీలకు వెళ్ళి భద్రతా రిజిస్టర్లు తనిఖీ చేస్తారు. మంటలు ఆర్పే సిలిండరు కళ్ళెదుట గోడకు వేలాడుతున్నా, దాని మెడలోని కార్డు మీద ఆ నెల సంతకం కనబడకపోతే ఆయన దృష్టిలో అక్కడ సిలిండరు లేదు.

ఆ బుధవారం పొద్దున నేను కాఫీ కప్పు ఆయన ముందు పెట్టేసరికి, ఆయన ఒక కాగితం నా ముందు పెట్టారు. పైన ‘అమ్మ – తేడాలు’ అని శీర్షిక. కింద గళ్ళు గీసి తేదీ, సమయం, జరిగింది. పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది తేడాలు.

"చదువు," అన్నారు.

చదివాను. మూడుసార్లు ట్యాంకు ఖాళీగా ఉండగా నిండిందని చెప్పి మోటారు ఆపించారట. రెండుసార్లు బియ్యం డబ్బా అడుగు కనబడుతుండగా నిండుగా ఉందని చెప్పి, కొట్టు నుంచి రావలసిన సరుకుల పట్టీలోంచి బియ్యాన్ని తీయించారట. రెండుసార్లు పడుకోబోయే ముందు గదిలో లైట్లన్నీ పెళ్ళిపందిరిలా వెలిగించుకున్నారట. మరో రెండుసార్లు బయటికి వెళ్తూ, ఇంటికి వచ్చానని చెప్పి, ఫ్యాన్లు కూడా వేయించి మరీ వెళ్ళారట.

"ఇవన్నీ అత్తయ్యే చేశారా?"

"మైనా అబద్ధం రాయదు కదా."

మైనా అంటే పిట్ట కాదు. అరచేతిలో ఇమిడే గుండ్రటి నల్ల డబ్బా. పేరు పెట్టి పిలిచి, చెప్పవలసింది నోటితో చెబితే లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు, సరుకుల పట్టీ అన్నీ అదే చూసుకుంటుంది. మావారు దాన్ని ముందు మా వాటాలో పెట్టలేదు. వెనక వాటాలో, అంటే అత్తయ్య దగ్గర పెట్టారు. వయసు మీదపడిన మనిషి లేచి స్విచ్చి దగ్గరకు నడవనక్కర్లేదని పైకి చెప్పిన కారణం. అసలు కారణం, అది చేసిన ప్రతి పనినీ తేదీతో సహా రాసి ఆయన ఫోనుకు పంపుతుంది. పాత స్విచ్చుల మీద ఆయన టేపు అంటించారు. చేత్తో వేస్తే రికార్డులోకి రాదట.

"ఆదివారం అక్క వస్తోంది," అన్నారు ఆయన, కాఫీ తాగుతూ. "ముగ్గురం కూర్చుని అమ్మకు నచ్చజెప్పి ఆ పొయ్యి తీసేద్దాం. నీళ్ళున్నాయో లేవో తెలియని మనిషి రేపు గ్యాసు కట్టేసిందో లేదో ఎవరికి తెలుసు? మధ్యగదిలో మంచం వేస్తే ఆవిడా మనతోనే ఉంటుంది. ఒకే వంట. నీకూ సుఖం."

నాకు ఏది సుఖమో ఆయన రాసుకున్నట్టు లేదు. ఇరవై రెండేళ్ళుగా మా అత్తాకోడళ్ళ మధ్య మాట తేడా రాకపోవడానికి మా మంచితనమే కారణమని చుట్టాలందరూ అనుకుంటారు. కారణం రెండు పొయ్యిలు. అత్తయ్యకు ఆ వాటా అంటే గది, మంచం, కిటికీ కాదు. ఆ రెండు బర్నర్ల పొయ్యి. దాని ముందు ఏ పూట ఏం వండుకోవాలో, ఎన్నింటికి తినాలో ఆవిడ ఎవర్నీ అడగక్కర్లేదు. అది తీసేస్తే ఆవిడ మా ఇంట్లో ఉన్న పెద్దావిడ అవుతారు. ఇప్పుడైతే పక్కింటావిడ.

"అత్తయ్యను అడిగారా?"

"అడిగాను. ‘చెప్పాల్సినట్టే చెప్పానురా’ అంటుంది. ఏం చెప్పావమ్మా అంటే ‘విషయం చెప్పాను’ అంటుంది. అదీ రాశాను, కింద చూడు."

కింద, గళ్ళ బయట, ఎర్ర ఇంకుతో ఉంది: ‘తేడాను అంగీకరించడం లేదు.’

ఆయన వెళ్ళాక నేను వెనక వాటాకి వెళ్ళాను. కాగితం తీసుకెళ్ళలేదు. ఊరికే కూర్చుందామని వెళ్ళాను.

మా అత్తయ్య ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ కుర్చీలో నిటారుగా, కాస్త ఎడమ చెవి ముందుకు పెట్టి కూర్చుంటారు, ఇంకా హెడ్‌సెట్టు ఉన్నట్టే. గొంతు పెంచరు, తగ్గించరు. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యాక ఒక లిప్త ఆగి గానీ బదులివ్వరు. మాటల మనిషి అంటే వాగే మనిషి అనుకుంటారు గానీ, నేను చూసిన అసలు మాటల మనిషి ఆవిడే. అలాంటి ఆవిడ, చెప్పింది చెప్పినట్టు చేసే యంత్రం చేతిలో పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది తప్పులతో పట్టుబడ్డారు.

నేను వెళ్ళేసరికి ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పారు. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆవిడ చెయ్యి తుడుచుకుని, గూట్లో ఉన్న నల్ల డబ్బా వైపు తిరిగారు.

"మైనాగారూ."

డబ్బా అంచున నీలం లైటు వెలిగింది.

"ట్యాంకులో నీళ్ళు నిండుకున్నాయండీ. కాస్త చూడండి."

"సరే. నమోదు చేశాను," అంది మైనా.

"మంచిదమ్మా," అని అత్తయ్య వచ్చి కూర్చున్నారు. నాతో అన్నారు, "ఇంకాసేపట్లో వస్తాయిలే. మొన్న కూడా ఇలాగే చెప్పాను, గంటసేపు కూర్చున్నాను. మరి ఎక్కడ ఆలస్యమవుతోందో."

నేను లేచి బయటికి వెళ్ళి మోటారు దగ్గర చెవి పెట్టాను. చప్పుడు లేదు. వచ్చి మళ్ళీ కూర్చున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను, అది సులువు కాబట్టి.

"ఏమిటమ్మాయ్?"

మన ఇళ్ళలో బియ్యం నిండుకున్నాయంటే గ్లాసు పట్టుకుని పక్కింటికి పరిగెత్తాలని అర్థం. మైనాకు భాష నేర్పినవాళ్ళ ఇళ్ళలో ఎప్పుడూ ఏదీ అయిపోలేదు కాబోలు, దానికి నిండుకోవడమంటే నిండటమే. నీళ్ళు నిండుకున్నాయి, మోటారు ఆపు. బియ్యం నిండుకున్నాయి, పట్టీలోంచి కొట్టెయ్. అత్తయ్య లైట్లు ఆర్పమనరు, ‘ఘనం చెయ్యి’ అంటారు. అది ఘనంగానే చేసింది. గడప దాటుతూ ‘వెళ్ళొస్తాను’ అంటారు. దానికి చివర ఉన్న ‘వస్తాను’ ఒక్కటే వినబడింది. వస్తున్నానన్న మనిషి కోసం ఫ్యాన్లు వేసి సిద్ధంగా ఉంది. పైగా ఇన్ని చేసీ, ఆవిడ అన్న మాట రాయలేదు. తనకు అర్థమైంది మాత్రం రాసి మావారికి పంపింది.

ఇదంతా చెప్పాను. పొయ్యి సంగతి కూడా చెప్పాను, దాచి లాభం లేదని. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"అదా సంగతి," అన్నారు చివరికి. "తిరిగి చెప్పదు, అదీ దాని లోపం. మేం అవతలివాళ్ళు అడిగింది మళ్ళీ ఒకసారి వాళ్ళకే చెప్పి, ఔనన్నాకే లైను కలిపేవాళ్ళం. ఇది విన్నదో వినకుండానే తల ఊపిందో ఎలా తెలుస్తుంది? నమోదు చేశాను, నమోదు చేశాను. అచ్చం మావాడే."

"పోనీ, దానికి అర్థమయ్యేట్టు ‘నీళ్ళు లేవు’ అని చెప్పేయండి అత్తయ్యా. ఒక్క మాట."

"నువ్వు చెప్పు."

నేను చెప్పాను. మోటారు వెంటనే మొదలైంది. మైనా చాలా తెలివైన యంత్రం.

"ఇప్పుడు మీరు."

ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. నాకు అప్పుడు తట్టింది, ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోటి నుంచి ‘లేదు’ అన్న మాట నేను వినలేదు. చక్కెర అడిగితే ‘సాయంత్రం తెప్పిస్తాను’ అంటారు. ఎవరైనా మావారి కోసం వస్తే ‘పని మీద వెళ్ళాడు, వస్తాడు’ అంటారు. పాతకాలపు మనిషి, అదొక పట్టింపు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ మాటే పైకి అనేశాను.

"పట్టింపూ కాదు, పాడూ కాదు," అన్నారు. "ఉద్యోగంలో చేరిన రెండో నెల. ఒకావిడ వేరే ఊరి నుంచి ట్రంక్ కాల్ బుక్ చేసింది, మొగుడి ఆఫీసుకి. అక్కడ ఎత్తిన బంట్రోతు, సారు టీకి వెళ్ళాడన్నాడు. నేను ఆవిడకి రెండు ముక్కల్లో చెప్పాను. ‘ఆయన’ అని, తరవాత ఆ మాట."

ఆయన లేరు. నేను మనసులో అనుకున్నాను, పైకి అనలేదు.

"అవతల రిసీవరు కింద పడిన చప్పుడు. తరవాత ఎవరో కేక. లైను పోయింది. మళ్ళీ కలపడానికి గంటన్నర పట్టిందమ్మాయ్, ఆ రోజుల లైన్లు అలాంటివి. గంటన్నర ఆవిడ ఏమైపోయి ఉంటుందో చెప్పు. ఆయన టీ తాగి, సిగరెట్టు కాల్చి, శుభ్రంగా వచ్చి సీట్లో కూర్చున్నాడు. మా సూపర్‌వైజరు నన్ను పల్లెత్తు మాట అనకుండా ఒకటే చెప్పింది. తీగ మీద వెళ్ళే మాటకి మొహం ఉండదు, నువ్వు నవ్వుతూ చెప్పావో ఏడుస్తూ చెప్పావో వాళ్ళకి కనబడదు, అని. ఆ రోజు నుంచి ఆ మాటని నా డ్యూటీలోంచి తీసేశాను. తరవాత నోట్లోంచే పోయింది."

సాయంత్రం మావారు బూట్లు విప్పుతుండగానే నేను మొత్తం వివరించాను. ఒక్కొక్క తేడాకూ ఒక్కొక్క మాట చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. వింటూ ఆ కాగితం తీసి, పక్క గడిలో ఏదో రాసుకున్నారు కూడా. నాకు ధైర్యం వచ్చింది.

"అయితే అర్థమయ్యేలా మాట్లాడటం అమ్మకు చేతకావడం లేదన్నమాట," అన్నారు. "అది ఇంకా ప్రమాదం."

"అర్థం కానిది యంత్రానికండీ. మీకు అర్థమైంది, నాకు అర్థమైంది."

"రేపు గ్యాసు లీకైతే మనం ఉంటామా అక్కడ, అర్థం చేసుకోడానికి? యంత్రమే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు చెప్పడానికి ఏమిటి కష్టం? ఫ్యాక్టరీలో నిప్పంటుకుంటే ‘అగ్నిదేవుడు వేంచేశాడు’ అని ఫోన్ చేస్తారా ఎవరైనా?"

ఈయనతో ఇదే బాధ. సగం తప్పు మాట అన్నప్పుడే మిగతా సగం నిజమై కూర్చుంటుంది.

"సరే, నేనేమీ మూర్ఖుణ్ణి కాదు," అన్నారు మళ్ళీ. "ఆదివారం అక్క ముందు పది ఆదేశాలు ఇవ్వమను. తిన్నగా, సూటిగా. నీళ్ళు లేవు, లైటు ఆర్పు, బయటికి వెళ్ళిపోతున్నాను. పదీ మైనా సరిగ్గా రాసుకుంటే పొయ్యి ఉంటుంది. పరీక్ష అందరికీ ఒకటే."

అలా డెబ్భై మూడేళ్ళ వయసులో మా అత్తయ్య మాట్లాడటం నేర్చుకోవడానికి కూర్చున్నారు. పంతులమ్మని నేను.

ఒక చీటీ మీద పది వాక్యాలు రాసిచ్చాను. గురువారం ‘ఆర్పు’ వచ్చింది. అది అన్నాక ఆవిడ నోరు పుక్కిలించినట్టు మొహం పెట్టారుగానీ, వచ్చింది. ‘మైనా’ అని ఏకవచనంలో పిలవమంటే మాత్రం ససేమిరా అన్నారు. "ఉద్యోగం చేసే పిల్లని అలా ఎలా పిలుస్తాను? గారూ అన్నా పలుకుతోందిగా, నీకేం పోయింది?" అన్నారు. ‘లేవు’ దగ్గర ఆగిపోయాం. ‘నీళ్ళు’ అనేవారు, ఆగేవారు, నా వంక చూసేవారు. నేను ‘ఊఁ’ అనేదాన్ని. "నీళ్ళు... కావాలండీ" అనేవారు. అదీ పనికొచ్చేదే, మోటారు మొదలయ్యేది. కానీ చీటీలో అలా లేదు. మావారి పరీక్షలో చీటీలో ఉన్నట్టే ఉండాలి.

శుక్రవారం ‘వెళ్ళొస్తాను’ మీద పడ్డాం. చివరి ‘వస్తాను’ తీసేయాలి. ‘వెళ్తున్నాను’ అంటే మైనా ఎక్కడికి అని అడుగుతోంది. ‘వెళ్ళిపోతున్నాను’ అంటే బుద్ధిగా అన్నీ ఆర్పి ఊరుకుంటోంది. అందుకని అదే ఖాయం చేశాను.

"ఎంతమాట అనిపిస్తున్నావే నా చేత," అన్నారు అత్తయ్య.

"పొయ్యి కోసం అత్తయ్యా."

"పొయ్యి కోసమే," అని, మరో రెండుసార్లు అన్నారు.

శనివారం అత్తయ్య కళ్ళజోడు కాడ వదులైందని దుకాణానికి బయల్దేరాం. నా ఫోను ఛార్జింగు పెట్టి మర్చిపోయాను. ఆవిడకి సొంత ఫోను ఉంది గానీ, అది ఎప్పుడూ దిండు కింద ఉంటుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు మోగుతున్న వాటి మధ్య కూర్చున్నాను, ఇక చాలు అంటారు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, నేను వెనక నిలబడి చూస్తుండగా, ఆవిడ లోపలికి తిరిగి స్పష్టంగా, సూటిగా, చీటీలో ఉన్నట్టే అన్నారు.

"మైనాగారూ, నేను వెళ్ళిపోతున్నాను."

"సరే. నమోదు చేశాను."

లైట్లు ఆరిపోయాయి. ఫ్యాను ఆగింది. మొదటిసారి ఏ తేడా లేకుండా పని జరిగింది. నేను ఆవిడ భుజం తట్టాను.

దుకాణంలో రద్దీగా ఉంది. కాడ బిగించి, అద్దాలు తుడిచి ఇచ్చేసరికి చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చేసరికి మా గేటు ముందు ఒక కారు అడ్డదిడ్డంగా ఆగి ఉంది, తలుపు తీసే ఉంది. వెనక వాటా మెట్ల మీద మావారు కూర్చుని ఉన్నారు. తలమీద ఫ్యాక్టరీ పసుపు హెల్మెట్టు అలాగే ఉంది. పక్కన, ఆ రోజు ఆయన తనిఖీకి వెళ్ళిన ఫ్యాక్టరీ స్టోర్సు ఇన్‌ఛార్జి నిలబడి, ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

"ఏమిట్రా ఈ వేళప్పుడు? పని తొందరగా అయిపోయిందా?" అన్నారు అత్తయ్య.

మావారు లేచి నిలబడ్డారు. ఆవిడను పైనుంచి కింది దాకా చూశారు, తనిఖీకి వెళ్ళిన చోట సామాను చూసినట్టు. తరవాత మళ్ళీ కూర్చుండిపోయారు.

జరిగింది స్టోర్సు ఇన్‌ఛార్జి చెప్పాడు. అతనికి చెమటలు ఇంకా ఆరలేదు.

"భోజనాల దగ్గర సారు మాకు ఈ వాయిస్ మిషను గురించి చెప్తున్నారండీ. ఎంత కచ్చితంగా ఉంటుందో చూడండని ఫోను స్పీకర్లో పెట్టారు. ‘మైనా, అమ్మ ఉందా?’ అన్నారు. అది..."

అతను మావారి వంక చూసి ఆగాడు.

"చెప్పండి, ఏమంది?" అన్నాను.

"‘అమ్మ లేరు. పదకొండు ఇరవైకి వెళ్ళిపోయారు’ అందండీ."

అతను జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మా అందరి చేతుల్లో ముద్దలు చేతుల్లోనే ఉండిపోయాయండీ," అన్నాడు. "సారు మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పింది. మీకు చేస్తే మోగుతోంది గానీ ఎత్తరు. పెద్దావిడకి చేస్తే ఎత్తరు. ఇంక నేనే కారు తీశాను. దారిలో సారు ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఇక్కడికొచ్చి చూస్తే తాళాలు. ఆస్పత్రులకి ఫోన్లు చేస్తున్నానండీ ఇందాకట్నుంచి."

అత్తయ్య బిగించిన కళ్ళజోడు సర్దుకుని కొడుకు వంక చూశారు.

"నేనే చెప్పాన్రా దానికి. నువ్వు చెప్పమన్నట్టే, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. అమ్మాయి దగ్గరుండి అనిపించింది."

నేను గేటు వంక చూశాను.

"నాన్నా, ఎంతసేపయింది ఆ మాట విని?" అని కొడుకుని అడిగారావిడ.

ఆయన వాచీ చూసుకున్నారు. "గంటా... పది నిమిషాలు."

అత్తయ్య నా వైపు తిరిగారు. "నయమే. ఆవిడకి గంటన్నర," అన్నారు. తాళం తీసి లోపలికి వెళ్ళి, పొయ్యి వెలిగించారు. స్టోర్సు ఇన్‌ఛార్జికి, మావారికి టీ పెట్టి ఇచ్చారు. మావారు హెల్మెట్టు తియ్యకుండానే తాగారు. ఎవరూ తియ్యమనలేదు.

ఆదివారం మా వదినగారు చెప్పిన టైముకే దిగారు. ఆవిడ మావారికి అక్కయ్య. కబుర్లకంటే ముందు చేతిలోంచి ఒక పెద్ద ఖాళీ గోనెసంచి దించారు.

"ఇదెందుకు వదినా?" అన్నాను.

"పొయ్యి తీసేస్తున్నాంగా. ఇక్కడ ఊరికే తుప్పు పట్టడం ఎందుకు, మా ఇంట్లో అద్దెకున్నవాళ్ళు అడుగుతున్నారు," అని తమ్ముడి వైపు తిరిగారు. "ఏరా ఇన్‌స్పెక్టరూ, పరీక్ష ఎన్నింటికి?"

అందరం వెనక వాటాలో చేరాం. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఒళ్ళో నా చీటీ. నిన్నటి తరవాత ఆవిడ ఈ పరీక్ష మానేస్తారనుకున్నాను. కానీ పొద్దున్నే నన్ను పిలిచి, "అంటానమ్మాయ్, ఇవాళ అనేస్తాను" అన్నారు. ఆవిడ వేళ్ళు చీటీ అంచుని మడుస్తూ, విప్పుతూ ఉన్నాయి. మావారు కాగితం పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నారు.

"మొదలుపెట్టు అమ్మా, నాకు మళ్ళీ బస్సుంది," అన్నారు వదినగారు.

అత్తయ్య గొంతు సరిచేసుకున్నారు. "మైనాగారూ."

నీలం లైటు వెలిగింది.

"ట్యాంకులో నీళ్ళు..."

ఆగారు. లైటు వెలుగుతూనే ఉంది. కళ్ళు మూసుకున్నారు. పెదవులు ‘ల’ కోసం విడుతున్నాయి.

"వద్దమ్మా," అన్నారు మావారు.

"ఉండరా, వస్తోంది."

"వద్దు. అనకు."

వదినగారు తమ్ముడి వంక, తల్లి వంక చూశారు. "అదేమిట్రా? నువ్వే కదా ఫోన్లో గంటసేపు..."

"తేడా దొరికిందక్కా. మూసేస్తున్నాను," అన్నారు ఆయన. కాగితం గోడకు ఆనించి, తొమ్మిది గళ్ళ చివరా తొమ్మిది పొట్టి సంతకాలు చేశారు. ఆయన రిజిస్టర్లలో తేడా మూసేటప్పుడు దానికి మూలకారణం రాయడం తప్పనిసరి. ఒక నిమిషం ఆలోచించి రాశారు. తరవాత నేను చూశాను. ‘వినేవారికి శిక్షణ చాలలేదు’ అని ఉంది. ఆ వినేవారు ఎవరో అందులో స్పష్టంగా లేదు. అంత అస్పష్టమైన వాక్యం ఆయన చేతిరాతలో నేను ముందెప్పుడూ చూడలేదు.

"అయితే పొయ్యి?" అన్నారు వదినగారు.

"ఉంటుంది."

"గోనెసంచి మోసుకొచ్చాను కదరా!"

"నీకు టీ పెట్టిస్తానే, కూర్చో," అన్నారు అత్తయ్య, లేస్తూ. చీటీని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టారు, తప్పులు దిద్దిన నోటుబుక్కు తిరిగిచ్చినట్టు.

ఆ మర్నాటి నుంచి మైనాకు మాటలు నేర్పే పని అత్తయ్యకు అప్పగించారు మావారు. ఆ యంత్రంలో అలాంటి వీలుంది. ఫలానా మాట అంటే ఫలానా పని అని మనం చెప్పి ఒప్పించవచ్చు, అది జవాబు ఎలా చెప్పాలో కూడా నేర్పవచ్చు. అన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. అత్తయ్య రోజూ పదింటికి కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చునేవారు. కొత్తగా చేరిన ఆపరేటరుకు పని నేర్పుతున్నట్టే ఉండేది. "అలా కాదమ్మా, తిరిగి చెప్పు. తిరిగి చెప్పి, ఔనంటే అప్పుడు చెయ్యి." మూడు వారాల్లో పిల్ల దారిలో పడింది. ఇప్పుడు నీళ్ళు నిండుకున్నాయంటే, "నీళ్ళు నిండుకున్నాయన్నారు, మోటారు వెయ్యమనే కదండీ?" అని అడుగుతుంది. ఔనంటే వేస్తుంది. స్విచ్చుల మీద టేపు మావారే పీకేశారు. జిగురు మరకలు మాత్రం నేను తుడుస్తున్నాను.

పని బాగుందని మా వాటాలో కూడా ఒక మైనా పెట్టారు. రెండింటికీ చదువు ఒకటే. మొన్న పొద్దున ఈయన హడావుడిగా తయారవుతూ, "మైనా, పాలున్నాయా?" అని కేకేశారు. "నిండుకున్నాయండీ," అంది అది. "వెరీ గుడ్," అని కాఫీ కోసం వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ గిన్నె. నేనేమీ అనలేదు. నమోదై ఉంది కదా.

మధ్యాహ్నాలు ఏ ఫ్యాక్టరీలో ఉన్నా ఫోన్ చేసి ఒకసారి అడుగుతున్నారు, అమ్మ ఉందా అని. స్పీకర్లో పెట్టడం మానేశారని స్టోర్సు ఇన్‌ఛార్జి చెప్పాడు. ఆవిడ ఏ దుకాణానికో వెళ్ళి ఉంటే మైనా చెప్పే జవాబు ఒకటే. "అలా బయటికెళ్ళారండీ, వచ్చేస్తారు."

ఎక్కడికెళ్ళారో, ఎన్నింటికి వెళ్ళారో, ఎప్పుడొస్తారో అందులో ఒక్క ముక్క ఉండదు. రిజిస్టర్లో అలాంటి వాక్యం కనబడితే ఆయన ఆ ఫ్యాక్టరీని ఒక వారం నిద్రపోనివ్వరు. దీన్ని మాత్రం రోజూ విని, "సరే" అని ఫోను పెట్టేసి, అన్నం తింటున్నారు.